బొమ్మిడాయి తిండి ముట్టడం లేదా?

ఇవాళ ఒకే ఒక్క సమస్య గురించి మాట్లాడుకుందాం. ఇష్టపడి ఈల్ తెచ్చుకున్నారు. వారం దాటింది. గుళికలు వేశారు, రాలేదు. ఎండు పురుగులు వేశారు, రాలేదు. పగలంతా రాళ్ల వెనక దూరి ఉంటుంది, లేదంటే ఇసకలో కూరుకుపోయి ముక్కు కొన మాత్రం బయట పెడుతుంది. మిగతా చేపలన్నీ మీ చెయ్యి కనపడగానే పైకొచ్చి ఎగబడుతుంటే ఇది మాత్రం ఉన్నచోటు నుంచి కదలదు. "మొండి చేప, ఆకలేస్తే అదే తింటది" అని ఎవరో ఒకరు చెప్తారు. మీరూ ఆగుతారు. కొన్ని వారాలకి వెన్ను కత్తిలాగా తేలుతుంది. ఒకరోజు పొద్దున్నే చూస్తే పోయి ఉంటుంది.

ఆకలేస్తే అదే తింటుందనే మాట ఈ చేప విషయంలో చాలా ప్రమాదం. దానికి ఆకలి వేస్తూనే ఉంది. తిండి అందడం లేదు, అంతే. మనం పెట్టే వేళ వేరు, అది వెతికే వేళ వేరు. మనం వేసే చోటు వేరు, అది వెతికే చోటు వేరు. సమస్యంతా అక్కడే ఉంది. చేప స్వభావాన్ని మార్చలేం, పెట్టే పద్ధతి మార్చుకోవచ్చు.

ముందు మీ దగ్గరున్నది ఏ చేపో తెలుసుకోండి. మన షాపుల్లో ఈల్ అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం స్పైనీ ఈల్స్. టైర్ ట్రాక్ ఈల్, పీకాక్ ఈల్, ఫైర్ ఈల్ అని పేర్లు చెప్తారు. శాస్త్రం లెక్కన ఇవి అసలు ఈల్స్ కానే కావు. అసలు ఈల్ అంటే మన మలుగుపాము. అది సముద్రంలో పుట్టి నదుల్లోకి ఎదురెక్కి వచ్చే చేప. స్పైనీ ఈల్స్ వేరే కుటుంబం, మంచినీళ్లలోనే పుట్టి అక్కడే పెరిగేవి. వీపు మీద విడివిడిగా, వరుసగా చిన్న ముళ్లుంటాయి, అందుకే ఆ పేరు. కరెంటు కొడుతుందా అని అడిగేవాళ్లు కూడా ఉన్నారు. కొట్టదు. కరెంటు కొట్టేది దక్షిణ అమెరికా చేప, దానికీ దీనికీ చుట్టరికం లేదు.

ఇంకో సంగతి. ఈ స్పైనీ ఈల్ మనకి కొత్త చేపేం కాదు. బొమ్మిడాయి! కృష్ణా కాలవల్లో, కొల్లేట్లో, గోదావరి లంకల్లో దొరికే బొమ్మిడాయే. బూడిద వేసి రుద్ది, జిగురంతా పోగొట్టి, చింతపండు పులుసు పెట్టుకుని తింటారే, అదే. మన దగ్గర దొరికే పెద్ద రకం బొమ్మిడాయికి శాస్త్రంలో మాస్టసెంబెలస్ ఆర్మేటస్ అని పేరు. 1800లో లాసెపేడ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దాన్ని పుస్తకంలోకి ఎక్కించాడు. దీన్నీ దీని దగ్గర చుట్టాలనీ టైర్ ట్రాక్ ఈల్ అని అద్దాల పెట్టెలో పెట్టి అమ్ముతారు. ఫైర్ ఈల్ మాత్రం ఆగ్నేయాసియా నుంచి వచ్చింది, నల్ల ఒంటి మీద ఎర్ర చారలుంటాయి.

అక్వేరియంలో ఉన్న ఈల్‌ని ఇంట్లో పెద్దవాళ్లకి చూపించండి. మొట్టమొదటి మాట "పులుసులోకి బాగుంటది" అంటారు. నవ్వుకోండి, పర్లేదు. కానీ అక్కడితో వదలకండి. కాలవల దగ్గర పెరిగిన వాళ్లయితే మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఎక్కడ దొరికేది? గట్టు కింద బొరియల్లో, గడ్డి వేళ్ల మధ్య, బురదలో అంటారు. ఎప్పుడు దొరికేది? చీకటి పడ్డాక. గాలానికి ఏం గుచ్చేవాళ్లు? ఎర్ర, అంటే వానపాము. అయిపోయింది చూడండి. దాక్కునే చోటు, చీకటి, వానపాము. ఇంటర్నెట్‌లో గంటలు గంటలు వెతికి తెలుసుకునేది మీ తాతయ్య అరనిమిషంలో చెప్పేస్తాడు.

ఇప్పుడు దాని ముఖం ఒకసారి దగ్గరగా చూడండి. కళ్లు చిన్నవి. ముక్కు కొన మాత్రం ముందుకు సాగి, బుల్లి తొండంలాగా అటూ ఇటూ ఆడుతుంటుంది. ఆ తొండానికి రెండు పక్కలా రెండు సన్నటి గొట్టాలుంటాయి. అవి ముక్కు రంధ్రాలు. ఈ చేప ప్రపంచాన్ని చూసేది కళ్లతో కన్నా ఎక్కువగా వాసనతో. రాత్రిపూట అడుగు వెంబడే పాక్కుంటూ, ముక్కుతో ఇసకని కెలుక్కుంటూ, మెత్తటి పురుగు ఏదైనా తగిలితే లాగేసుకుంటుంది. అలాంటిదానికి మనం ఏం చేస్తున్నాం? ట్యూబులైటు వెలుగులో, సాయంత్రం ఆరింటికి, నీళ్ల పైన తేలే ఎండు గుళికలు వేస్తున్నాం. అది తిండి అని కూడా దానికి తెలియదు.

వాసన ఒక్కటే కాదు, భయం సంగతి కూడా చెప్పుకోవాలి. దీనికో మంచి ఉదాహరణ ఉంది. టోక్యోలో సుమిదా అక్వేరియం అని ఒకటుంది. అందులో మూడు వందల దాకా గార్డెన్ ఈల్స్ ఉన్నాయి. ఇవి సముద్రపు ఈల్స్, ఒళ్లంతా ఇసకలో పెట్టి తల మాత్రం బయటికి నిలబెట్టి, తోటలో మొక్కల్లాగా ఊగుతుంటాయి. జనం రోజూ వస్తుంటారు కాబట్టి మనుషుల్ని చూసి భయపడటం మానేశాయి. 2020లో కరోనా వచ్చి అక్వేరియం మూసేశారు. కొన్నాళ్లకి ఏమైందంటే, సిబ్బంది అద్దం దగ్గరికి వెళ్తే చాలు, ఈల్స్ బుడుంగున ఇసకలోకి వెళ్లిపోవడం మొదలెట్టాయి. అవి బయటికి రాకపోతే ఆరోగ్యం ఎలా ఉందో చూసేదెట్లా? అప్పుడు ఆ అక్వేరియం వాళ్లు ఏం చేశారో తెలుసా? ట్యాంకు ముందు ట్యాబ్లెట్లు పెట్టి, మే 3 నుంచి 5 దాకా, జనాన్ని ఇళ్ల నుంచి ఈల్స్‌కి వీడియో కాల్ చెయ్యమని పిలుపిచ్చారు. మొహం చూపించండి, చెయ్యి ఊపండి, గట్టిగా మాత్రం అరవకండి అన్నారు. జోక్ కాదు, నిజంగా జరిగింది. ఆ చేపలు వేరు, మన బొమ్మిడాయి వేరు. కానీ మనం పనికొచ్చే విషయం ఒకటి అందులో ఉంది. మనిషి అంటే భయం లేకపోవడం ఈ జాతులకి పుట్టుకతో రాదు. రోజూ చూసి, ఏమీ జరగదని తెలుసుకుని అలవాటు పడతాయి. అలవాటు తప్పితే మళ్లీ మొదటికొస్తాయి. కాబట్టి ట్యాంకు పక్కనుంచి వెళ్లిన ప్రతిసారీ అద్దం మీద టకటకమని కొట్టి "బయటికి రా" అనే మీ తమ్ముణ్ణి ముందు ఆపండి.

సరే, అసలు పనిలోకి వద్దాం. మొదట తేల్చుకోవాల్సింది, అది నిజంగానే తినడం లేదా, లేక మీరు చూడనప్పుడు తింటోందా? పొట్ట చూస్తే తెలిసిపోతుంది. పొట్ట కిందివైపు గుండ్రంగా, కాస్త నిండుగా ఉంటే రాత్రి ఏదో దొరుకుతోందని అర్థం, కంగారు పడకండి. పొట్ట లోపలికి పీక్కుపోయి, తల ఒంటికన్నా పెద్దదిగా కనపడుతూ, వెన్ను గీత పైకి తేలి ఉంటే ఆకలితో ఉన్నట్టు. కొత్తగా తెచ్చిన చేప మొదటి నాలుగైదు రోజులు తినకపోవడం మామూలే. లావుగా ఉన్న పెద్ద ఈల్ అంతకన్నా ఎక్కువ రోజులే ఓర్చుకుంటుంది. పెన్సిలంత సన్నటి పిల్లకి ఆ నిల్వ ఉండదు. షాపులో కొనేటప్పుడే పొట్ట చూసి కొనండి. చిక్కిపోయిన దాన్ని జాలిపడి తెచ్చుకుంటే సగం కష్టం ముందే మొదలైనట్టు.

ఇప్పుడు మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా అక్క కొడుకు డిగ్రీ చదువుతున్నాడు, బ్రాడీపేటలో మా ఇంట్లోనే ఉంటాడు. కార్తీకమాసంలో ఐదంగుళాల బొమ్మిడాయి పిల్లని తెచ్చాడు. రెండడుగుల ట్యాంకు, అడుగున గరుకు కంకర, పైన తెల్లటి ఎల్ఈడీ లైటు, తోడుగా నాలుగు టైగర్ బార్బ్‌లు, ఒక సక్కర్ చేప. తొమ్మిది రోజులు అది తిండి ముట్టడం వాడు చూడలేదు. ఆ దిగులుతో వీడు కూడా సరిగ్గా తినడం లేదని మా అమ్మ గొడవ.

మొదటి రాత్రి మేము తిండి ఏమీ వెయ్యలేదు. చూడటమే. టార్చికి ఎర్ర జిగురుకాగితం చుట్టి, రబ్బరు బ్యాండు వేశాం. ఎర్ర వెలుగు చాలా చేపల్ని అంతగా బెదరగొట్టదు. పదకొండింటికి గదిలో లైట్లన్నీ ఆపి కూర్చున్నాం. ఇరవై నిమిషాలకి రాయి వెనక నుంచి వచ్చింది. అడుగంతా తిరుగుతోంది. కంకర మధ్య ముక్కు పెడుతోంది, తీస్తోంది. ఇంకోచోట పెడుతోంది. ఇది తిండి వద్దన్న చేపలాగా ఉందా? వెతుకుతోంది! కానీ అక్కడ ఏముంది? సాయంత్రం ఏడింటికి వేసింది బార్బ్‌లు రెండు నిమిషాల్లో ఊడ్చేశాయి. పైగా ఇది గోడ వెంబడి వస్తుంటే ఒక బార్బ్ లేచి తోక కొరికింది. మళ్లీ రాయి వెనక్కి. ఆ రాత్రికి ఇక రాలేదు.

మర్నాడు బార్బ్‌లని వేరే తొట్టిలోకి మార్చేశాం. కంకర తీసి, బాగా కడిగిన సన్న ఇసక రెండు మూడు అంగుళాల మందాన పోశాం. ఇది చిన్న విషయం అనుకోవద్దు. బొమ్మిడాయి ఇసకలో దూరడానికే పుట్టింది. పదునైన కంకరలో దూరబోతే ముక్కు, ఒళ్లు గీరుకుంటాయి, పుళ్లు పడతాయి, అప్పుడు ఇక తిండి మాట దేవుడెరుగు. ప్లంబింగ్ షాపులో జానెడు పీవీసీ పైపు ముక్కలు రెండు తెచ్చి, అంచులు నున్నగా రుద్ది, ఒకటి వెనక మూలన, ఒకటి ముందు వైపు పడుకోబెట్టాం. పైన కాసిని తేలే మొక్కలు వేశాం, వెలుతురు తగ్గడానికి.

"ఇన్ని చాటులు పెడితే ఇంకెక్కడ కనపడతది మామయ్యా" అన్నాడు మావాడు. అందరూ అనుకునేది అదే. జరిగేది దానికి తలకిందులు. దూరడానికి చోటు పక్కనే ఉందని తెలిస్తేనే పిరికి చేప బయటికొస్తుంది. చాటు లేకపోతే ఉన్న ఒక్క మూలనే పట్టుకుని వేలాడుతుంది. ఈ ఒక్క విషయం నమ్మండి చాలు, మిగతా పద్ధతుల్లో ఏది మర్చిపోయినా పర్లేదు.

తిండి మూడో రాత్రి మొదలెట్టాం. వానపాముని కడిగి, బ్లేడుతో అగ్గిపుల్ల మందుకన్నా కొంచెం పెద్ద ముక్కలు కోశాం. బొమ్మిడాయి పొడుగు చూసి మోసపోవద్దు, దాని నోరు చాలా చిన్నది. పెద్ద పట్టకారుతో పైపు మూతి దగ్గర పెడితే చటుక్కున వెనక్కి పోయింది. వదిలేసి పడుకున్నాం. పొద్దున చూస్తే ముక్క లేదు. మావాడు గంతులేశాడు. నేను మాత్రం ఒప్పుకోలేదు. సక్కర్ చేప తినలేదని ఏంటి నమ్మకం?

అందుకని ఒక ప్రమిద పెట్టాం. కార్తీకమాసం కదా, ఇంట్లో నూనె తగలని కొత్త ప్రమిదలు ఉన్నాయి. ఒకదాన్ని రోజంతా నీళ్లలో నానబెట్టి, ముందున్న పైపు మూతికి నాలుగంగుళాల దూరంలో పెట్టాం. తిండి ఎప్పుడూ అందులోనే. దీంతో రెండు లాభాలు. వాసన రోజూ ఒకేచోట నుంచి వస్తుంది, చేపకి దారి తెలుస్తుంది. మిగిలింది ఇసకలో కలిసిపోకుండా కనపడుతుంది, పొద్దున్నే తీసి పారెయ్యొచ్చు. సక్కర్‌కి అవతలి మూలన దోసకాయ ముక్క వేసి దాని దారిన దాన్ని పంపించాం.

ఆరో రాత్రి. ఎర్ర టార్చి వెలుగు. పైపులోంచి ముక్కు బయటికొచ్చింది. ఆడింది. ఆగింది. లోపలికి పోయింది. మళ్లీ వచ్చింది, ఈసారి రెండంగుళాలు. ప్రమిద అంచుకి ముక్కు ఆనించి, చుట్టూ తిరిగి, మళ్లీ వెనక్కి. ఇట్లా ఎన్నిసార్లో. ఆ తర్వాత ఒక్క లాగు! వానపాము ముక్క నూడుల్స్ జుర్రినట్టు లోపలికి పోయింది. మావాడు అరవబోతుంటే నోరు మూశాను. రెండో ముక్క కూడా తిని, పైపులోకి వెళ్లి పడుకుంది. మర్నాడు పగలు చూస్తే ఇసకలోంచి ముక్కు, కళ్లు రెండూ బయట పెట్టి చూస్తోంది.

ఆ తర్వాత తొందరపడలేదు. రోజూ అదే ప్రమిద, అదే వేళ. వారానికి ఒక అరగంట ముందుకి జరుపుకుంటూ వచ్చాం. పదకొండు, పదిన్నర, పది. సంక్రాంతి దాటాక రాత్రి ఎనిమిదింటికి, గదిలో చిన్న లైటు ఉండగానే ప్రమిద దగ్గరికి రావడం అలవాటైంది. పట్టకారు కనపడితే ఇప్పుడు పారిపోదు, ఎదురొస్తుంది.

మీరు చేసేటప్పుడు వానపాముల విషయంలో ఒక జాగ్రత్త. మన గుంటూరు చుట్టుపక్కల ఎటు చూసినా మిరప, పత్తి. పురుగుమందులు బాగా ఎక్కువ పడే పంటలు అవి రెండూ. ఊరెళ్లినప్పుడు చేలో దొరికాయి కదా అని పట్టుకొచ్చి వెయ్యొద్దు. మట్టిలో ఉన్న మందు వానపాము ఒంట్లోకి, అక్కణ్ణుంచి మీ చేపలోకి వెళ్తుంది. రోడ్డు పక్క మురుగుకాలవ గట్టున దొరికేవి కూడా వద్దు. మందు కొట్టని పెరటి మట్టి, మీ సొంత పూలకుండీలు, లేదంటే వర్మీకంపోస్టు చేసేవాళ్లు. ఈ కంపోస్టువాళ్ల దగ్గర ఉండే సన్నటి ఎర్ర చారల వానపాములతో ఒక తిరకాసు ఉంది. బెదిరితే పచ్చటి వాసన రసం వదులుతాయి. కొన్ని చేపలు దాన్ని నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తాయి. రెండు మూడుసార్లు కడిగి పెట్టి చూడండి, వద్దంటే మామూలు మట్టి వానపాము వెతకండి. ఏదైనా సరే, వేసే ముందు ఒక రాత్రి తడి కాయితం మీద మూత చిల్లుల డబ్బాలో ఉంచితే పొట్టలో మట్టి వదిలేస్తుంది.

వానపాము దొరకనివాళ్లకి ఫ్రీజర్‌లో ఉండే బ్లడ్ వార్మ్స్ ఉన్నాయి. ఎండబెట్టినవి కాదు, గడ్డకట్టించినవి. ఎండువి పైన తేలతాయి, వాసన తక్కువ. గడ్డ ముక్కని ట్యాంకు నీళ్లలోనే కరిగించి, సూది లేని సిరంజికి ఎయిర్ పంపు గొట్టం ముక్క తగిలించి, మెల్లగా ప్రమిదలోకి వదలండి. సిరంజి కోసం బ్రాడీపేటలో వెతుక్కోవాలా, రెండు ఆసుపత్రులకి మధ్య ఒక మెడికల్ షాపు ఉంటుంది. ఒక మాట, బ్లడ్ వార్మ్స్ కొందరి చర్మానికి పడవు. దురద, తుమ్ములు వస్తాయి. చేతికి తొడుగు వేసుకోండి.

పచ్చి రొయ్య కూడా బాగా తింటుంది. మనకి రొయ్యకి కరువేముంది, బాపట్ల, నిజాంపట్నం తీరం పక్కనే ఉంది. తల, తోలు, నల్లనరం తీసేసి, బియ్యపుగింజ అంత ముక్కలు. ఉప్పు, పసుపు రాసినవి కాదు సుమా. అయితే రోజూ రొయ్యే పెట్టొద్దు, మార్చి మార్చి పెట్టండి. షాపుల్లో అమ్మే బతికున్న ట్యుబిఫెక్స్ పురుగులు ఈల్స్‌కి ప్రాణం. కానీ అవి పెరిగేది మురుగునీళ్లలో, రోగాలు మోసుకొస్తాయి. నేనైతే వాడను. ఇంకొందరు డాబా మీద బక్కెట్లో నీళ్లు నిలవబెట్టి దోమపిల్లలు పెంచుతారు. తిండిగా మంచిదే కానీ మీ చేప కోసం వీధి మొత్తానికి డెంగీ తెప్పించొద్దు.

గుళికలు ఎప్పటికైనా తింటుందా? కొన్ని తింటాయి, కొన్ని జీవితంలో ముట్టవు. ప్రయత్నించాలంటే, వానపాముకి బాగా అలవాటు పడిన తర్వాత, మునిగే గుళికని బ్లడ్ వార్మ్స్ కరిగిన ఎర్ర నీళ్లలో నానబెట్టి, ముక్కల మధ్య ఒకటి పెట్టండి. తినకపోతే వదిలెయ్యండి. దీన్ని ఉపవాసం పెట్టి లొంగదీద్దామనే ఆలోచన మాత్రం వద్దు.

ఎంత పెట్టాలి అంటే, పిల్లకి రోజూ కొంచెం, పెద్దదానికి రెండు మూడు రోజులకోసారి. పొట్ట కాస్త గుండ్రం తిరిగితే చాలు.

ఇవన్నీ చేసినా తినకపోతే నీళ్లు చూడాలి. కొత్త ట్యాంకు అయితే మొదటి అనుమానం దాని మీదే. ఫిల్టర్‌లో మంచి బాక్టీరియా పెరగడానికి వారాలు పడుతుంది. అప్పటిదాకా చేపల మలం, మిగిలిన తిండి అమ్మోనియాగా మారి నీళ్లలోనే ఉంటుంది. అమ్మోనియా ఎక్కువైతే ఏ చేపకీ ఆకలి ఉండదు. షాపుల్లో పరీక్ష కిట్ దొరుకుతుంది, అమ్మోనియా సున్నా రావాలి. పాచిపోయిన వానపాము ముక్కలు పొద్దున్నే తియ్యమన్నది అందుకే. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ ఉంటుంది, అది పోగొట్టే చుక్కలమందు కలపండి. బోరు నీళ్లయితే ఒక్కో వీధిలో ఒక్కో ఉప్పదనం. కొత్త చేపని తెచ్చినప్పుడు షాపు నీళ్లకీ మీ నీళ్లకీ తేడా ఎక్కువుంటుంది, గంటసేపు కొంచెం కొంచెంగా కలిపి అలవాటు చేసి వదలండి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో నీళ్లు చల్లబడితే కూడా తిండి తగ్గిస్తుంది. చిన్న హీటర్ పెట్టి 25, 26 డిగ్రీల దగ్గర ఉంచితే సరిపోతుంది. మే నెలలో దానికి ఎదురు సమస్య. నీళ్లు వేడెక్కితే ప్రాణవాయువు తగ్గుతుంది. కరెంటు పోయి పంపు ఆగిన రాత్రి తిండి వెయ్యకండి, ఒక పూట లేకపోతే ఏం కాదు.

తినడం లేదని మందులు మాత్రం పొయ్యొద్దు. బొమ్మిడాయికి పొలుసులు చాలా సన్నవి, చర్మం సున్నితం. రాగి కలిసిన మందులు, మలకైట్ గ్రీన్ లాంటివి మిగతా చేపలు తట్టుకున్నంతగా ఇది తట్టుకోలేదు. ఆకలికి మందు వానపాము, మెడికల్ షాపు కాదు. చేత్తో పట్టుకుని నోట్లో కుక్కుదామని కూడా చూడొద్దు. వీపు ముళ్లు గుచ్చుకుంటాయి, మీరు వదిలేస్తారు, అది నేల మీద పడుతుంది.

తోడు చేపల మాట చెప్పి ముగిస్తాను. గోల్డ్‌ఫిష్, టైగర్ బార్బ్ లాంటి తిండిపోతుల పక్కన బొమ్మిడాయికి ఏమీ మిగలదు. ఆస్కార్ అయితే బొమ్మిడాయినే మింగేస్తుంది. గప్పీలు, నియాన్‌లు పెట్టారంటే, పెరిగిన తర్వాత ఇది వాటిని రాత్రికి రాత్రి ఒక్కొక్కటే లెక్క తగ్గిస్తుంది. పైన, మధ్యలో తిరిగే నెమ్మది చేపలు, గౌరామీ లాంటివి, సరిపోతాయి. వాటికి ముందు పెట్టేసి, లైటు ఆపి, గంట తర్వాత దీనికి పెట్టండి. కొనేముందు ఏ రకమో అడగండి. ఫైర్ ఈల్ మీటరు దాకా పెరుగుతుంది, మన పెద్ద బొమ్మిడాయి కూడా రెండడుగులు దాటగలదు. రెండడుగుల ట్యాంకులో రెండడుగుల చేప ఎట్లా తిరుగుతుంది? చోటు తక్కువైతే చిన్న రకం తెచ్చుకోండి. పెరిగింది కదా అని ఫైర్ ఈల్‌ని తీసుకెళ్లి కృష్ణా కాలవలో మాత్రం వదలొద్దు.

ఆఖరిగా మూత. తిండి తిని బలం రాగానే ఇది చేసే మొదటి పని బయటికి దారి వెతకడం. ఫిల్టర్ గొట్టం దూరే సందు చాలు, రాత్రికి రాత్రి జారిపోతుంది. సందులన్నిటికీ స్పాంజి ముక్కలు కుక్కండి. పొద్దున్నే ట్యాంకులో కనపడకపోతే ముందు ఇసకలో చూడండి, తర్వాత ఫిల్టర్ లోపల, ఆ తర్వాత ఫ్రిజ్ వెనక, మంచం కింద. ఒళ్లు ఇంకా తడిగా ఉంటే చచ్చిపోయిందని పారెయ్యకండి. నీళ్లు తగ్గిన కాలవల్లో బురదలో బతికే చేప అది. తడి గుడ్డతో ఎత్తి, ట్యాంకులో వేసి, గాలి పంపు గట్టిగా పెట్టి, లైటు ఆపి ఒక పూట చూడండి.

వచ్చే ఎపిసోడ్‌లో కొత్త ట్యాంకుకి ఫిల్టర్ ఎలా సిద్ధం చేసుకోవాలో చూద్దాం. ఉంటాను.